ద్వారబంధానికి ఎవరు చెయ్యి వెయ్యాలి

అన్నూరు, సోమవారం

చి. మధుమితకు పెద్దయ్య దీవించి రాసేది. ఫోన్ చేస్తే "సైట్లో ఉన్నా" అని పెట్టేస్తావు గనుక ఈ ఉత్తరం. శుక్రవారం నువ్వు కట్టిస్తున్న మన కొత్త ఇంటికి ద్వారబంధం నిలబెట్టాలి. బరువులెత్తే మీ చైన్ పుల్లీ దాన్ని తాకకూడదు. మన వంశంలో ద్వారబంధం మనిషి చేతుల మీదే లేస్తుంది. మేస్త్రీ పాండియన్‌ని పిలువు.

ఇట్లు, ఈశ్వరన్

తా.క.: మంచి టేకు. నూట యాభై కిలోలు. చెప్పుకోవడానికి గొప్పగా ఉంది.

కోయంబత్తూరు, మంగళవారం

పెద్దయ్యకు నమస్కారాలు. పాండియన్ రాలేడు. పోయిన నెల ఇంకొకరింట్లో ఇలాగే ద్వారబంధం ఎత్తి, నడుములో డిస్కు జారి ఆసుపత్రిలో పడ్డాడు. మళ్లీ పనికి వస్తాడో రాడో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. నా సైట్లో ఇంకో నడుము విరగనివ్వను. పనివాళ్లెవరూ ద్వారబంధం మీద చెయ్యి వెయ్యరు. ఇదే నా ఆఖరి మాట.

మధుమిత

తా.క.: చైనుకు పసుపు కుంకుమ పెట్టిస్తాను. ఇంతకన్నా దిగలేను.

అన్నూరు, బుధవారం

చి. మధుమితకు, నీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయి. నిజమే, పనివాళ్లెందుకు? ఇంటివాళ్లే చెయ్యి వెయ్యాలి! ఇంజనీరింగు చదివినా నువ్వు సంప్రదాయం మరవలేదు. అల్లుళ్లిద్దరూ, అవినాశి నుంచి మా బావ రత్నసభాపతి, ఆయన తమ్ముళ్లిద్దరూ, నేను, మొత్తం ఆరుగురం వస్తున్నాం.

ఆనందంతో, ఈశ్వరన్

తా.క.: బావకు డెబ్బై రెండేళ్లు. హెర్నియా ఆపరేషన్ పోయిన ఏడే అయిపోయింది గనుక ఇప్పుడు భయం లేదు.

కోయంబత్తూరు, గురువారం

పెద్దయ్యా! పనివాళ్లు వద్దంటే మిమ్మల్ని రమ్మని కాదు. ఎవరూ వద్దు! పాండియన్‌కి ఇరవై ఏళ్ల అలవాటు, అతనే పడ్డాడు. మీరు నీళ్ల బిందె ఎత్తి ఎన్నేళ్లయింది?

తల పట్టుకున్న మధుమిత

తా.క.: రత్నసభాపతి మామను దయచేసి బస్సెక్కనివ్వకండి.

ఆసుపత్రి, ఆదివారం

చి. మధుమితకు, నీ గురువారం ఉత్తరం శనివారం చేరింది. నిన్న నువ్వు చూడ్డానికొస్తే సిగ్గుతో చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. శుక్రవారం నువ్వు సైటుకు రాకముందే చెయ్యి వేశాం, ద్వారబంధం జానెడు లేచింది. తర్వాత నేను లేవలేదు. బావకు ఏమీ కాలేదు, అది వేరే మంట.

పక్క మంచం పాండియన్‌దే. "ఎంతమంది ఎత్తితిరంగ?" అన్నాడు. ఆరుగురమన్నాను. "మీ పాత ఇంటికి మూడే ఆళ్లం ఎత్తితిమి గదంగ" అన్నాడు. నవ్వలేదు. ఆ రోజు నేను నీడలో కుర్చీ వేసుకుని "ఇంకొంచెం పైకి, ఇంకొంచెం" అని అరిచాను తల్లీ. ముఖం గోడవైపు తిప్పుకుందామంటే నడుము తిరగలేదు.

చైనే కట్టు.

ఇట్లు, ఈశ్వరన్

తా.క.: ఇక్కడ నర్సులు నన్ను చేతులతో ఎత్తబోమన్నారు. యంత్రం తెచ్చి, పట్టీలు కట్టి, గాల్లోకి లేపి మంచం మార్చారు. అప్పుడు రాహుకాలం. నేను పట్టీలు గట్టిగా పట్టుకున్నాను.