శ్రీకాకుళం సర్కారు చరిత్ర రాసినది నేనే

విజయనగరం పూల్‌బాగ్ కాలనీ నివాసి, కీ.శే. సోమయాజులు గారి కుమార్తె, విశ్రాంత సోషల్ టీచరు ప్రసూనాంబ అను నేను, నా డెబ్బై ఎనిమిదో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా. మోకాళ్లు నా మాట వినడం లేదు గానీ బుద్ధి వింటోంది.

1. దీని అమలు బాధ్యత మా అన్నయ్య కూతురు కౌముదిది. ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ ఆమెకే చెందును.

2. అసలు ఆస్తి నా రాతప్రతి. ఈ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలూ, ఒడిశా పక్క గంజామూ కలిసిన పెద్ద సీమకు ఒకప్పుడు శ్రీకాకుళం సర్కారు అని పేరు. గోల్కొండ ఫౌజుదారుల నాటి నుంచి ఫ్రెంచివారి చేతికి, ఆపై ఇంగ్లీషు కుంపిణీ చేతికి పోయి, జిల్లాలుగా ముక్కలయ్యే వరకు దాని చరిత్ర రాశాను. ముప్పై వేసవి సెలవులు అందుకే పోయాయి. దీనిపై సర్వహక్కులూ కౌముదివి.

3. మొదటి భాగం 2003లో మా అన్నయ్య చంద్రశేఖరం పేరుతో అచ్చయింది. ఆయన కాలేజీ లెక్చరరు. "నీ పేరెవరికి తెలుసే? నా పేరుంటే లైబ్రరీలు కొంటాయి" అన్నాడు. సన్మానసభలో తనకు కప్పిన శాలువా మడతపెట్టమని నా చేతికిచ్చాడు. మడతపెట్టాను. ఆ తర్వాత నేను ఆయన గుమ్మం తొక్కలేదు. ఇకపై ప్రతి ముద్రణకూ అట్టమీద నా పేరే ఉండవలెను. కాదని ఎవరు వేసినా కౌముది కోర్టుకు వెళ్లవలెను.

అయితే నాన్నగారు వద్దన్నా, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నన్ను మొదటిసారి లైబ్రరీకి తీసుకెళ్లినదీ ఆయనే. ముందుమాటలో అదీ ఉండాలి.

4. కళింగపట్నంలో చేపలెండబెట్టే జగ్గమ్మకు నా మెడలోని గొలుసు. రేవు సంగతులు రాసుకోవడానికి వెళ్లి, తిత్లీ తుఫానునాడు ఆమె ఇంట్లోనే చిక్కుకున్నాను. కప్పు లేచిపోతుంటే తన సామాను వదిలేసి, నా కాగితాల పెట్టె నెత్తికెత్తుకుంది. వదిలెయ్యమన్నాను. "నీ సర్కారేటో నాకు తెల్దు పంతులమ్మా. ఇయి తడిసిపోతే నువ్వు బతకవు. నడు" అంది. ఇంకా అచ్చుకాని రెండో భాగం ఆమెకే అంకితం. ఆమెకు చదువు రాదు కనుక, కౌముది వెళ్లి మొత్తం చదివి వినిపించవలెను. మధ్యలో జగ్గమ్మ అడ్డుతగులుతుంది. తగలనివ్వాలి.

5. అన్నయ్యకు ఏమీ రాయలేదు. కోపం కాదు. సాక్షికి ఆస్తి రాయకపోవడమే మేలని లాయరు గారన్నారు. చిత్తుప్రతి ఆయనకు పంపాను. ఈ ఉదయం కర్ర ఊతంతో మెట్లెక్కి వచ్చాడు. మూడో అంశం పైకి చదివాడు. "ఆ అట్ట చూసిన రోజే సిగ్గేసిందే. చెప్పలేకపోయాను" అన్నాడు. పెన్ను అడిగాడు.

విజయనగరం, 18 నవంబరు 2024.

(సం.) ప్రసూనాంబ

సాక్షులు:
1. నూకయ్య, పక్కింటి నివాసి.
2. చంద్రశేఖరం, విశ్రాంత లెక్చరరు. స్వదస్తూరితో: పై చరిత్రలో నేను రాసినది ఒక్క వాక్యం కూడా లేదు. రాసినది మా చెల్లెలు.