డాక్టరమ్మను నిలబెట్టుకున్నాం

చిరంజీవి సౌభాగ్యవతి మా పిచ్చుకకు అమ్మ దీవెనలు. మీ నాన్నా నేనూ కులాసాగా ఉన్నాం. నువ్వూ అల్లుడుగారూ, కడుపులో కాళ్లు ఆడిస్తున్న ఆ పెద్దమనిషీ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పాదాలు వాస్తున్నాయి, మామూలేనా అని అడిగావు. ఇదివరకైతే అందరికీ వచ్చేవేలే అని రాసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు అడగడానికి మనిషి ఉంది గనుక వెళ్లి అడిగాను. ఒకసారి బీపీ చూపించుకోమంది. ఈ ఉత్తరం చదివిన వెంటనే వెళ్లు, బద్ధకించకు. నాన్న మోకాలు ఎలా ఉందన్నావు. మోకాలు బాగానే ఉంది, పరువే పోయింది. ఆ కథ కూడా చెబుతాను.

మన ఆస్పత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఇంతకు ముందు వచ్చినవాళ్లంతా సిటీ మీద మోజుతో పారిపోయారని తిట్టుకున్నాం చూడు, సగం తప్పు మనదేనమ్మా. ఈ పిల్ల వచ్చిందని తెలియగానే వరండా నిండి, వరుస గేటు దాటి మన కుట్టుషాపు మెట్ల దాకా వచ్చింది. ఇన్నాళ్లూ డాక్టరు లేక దాచుకున్న జబ్బులన్నీ జనం ఒక్కసారే మూటగట్టుకొచ్చారు. పొద్దున నిలబడినవాళ్లు సాయంత్రానికి కూడా వంతు రాక శాపనార్థాలు పెడుతూ వెళ్లారు. పోనీ అంతటితో వదిలారా? ఆవిడ సంతలో టమాటాలు ఏరుకుంటుంటే ఎదురుగా నిలబడి నాలుకలు చాపారు. భోజనానికి కూర్చుంటే కిటికీలోంచి ఎక్స్‌రేలు అందించారు. ఇక మీ నాన్న సంగతి. ఆవిడ రోడ్డు పక్కన నడిచి వెళుతుంటే నిండు బస్సు ఆపి, దిగి, ప్యాంటు మడిచి మోకాలు చూపించారట. అది చూసి ప్రయాణికులు కూడా దిగి వరుస కట్టారట. డ్రైవరుగారి భార్యనని చెప్పుకోవడానికి నాకు తల కొట్టేసినట్టయింది.

ఒకరోజు డాక్టరమ్మ పెద్ద బ్యాగు ఒకటి తెచ్చి జిప్పు మార్చి ఇమ్మంది. ప్రయాణం లేని మనిషికి అంత బ్యాగుతో పనేముంది? వెళ్లిపోతున్నారా అని మొహం మీదే అడిగేశాను.

"బదిలీ అడిగానమ్మా," అంది. "పని ఎక్కువైందని కాదు. నిన్న ఒకాయన గుండెనొప్పితో వరుస చివర కూర్చున్నాడు. ఆయన ముందున్నవాళ్లంతా దగ్గు మందు కోసం వచ్చినవాళ్లే. ఇంకొంచెం ఆలస్యమైతే పోయేవాడు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు."

ఆ సైజు జిప్పు దొరకదు, వారం పడుతుంది అన్నాను. సొరుగు నిండా అవే ఉన్నాయి. ఆ అబద్ధానికి నాకేమీ సిగ్గు లేదు.

ఆమె వెళ్లగానే పెద్ద నర్సును పిలిపించాను. మన షాపులో ఎలా చేస్తామో నీకు తెలుసుగా. ముందొచ్చింది ఎవరని చూడం. రేపు పెళ్లి ఉన్నవాళ్ల జాకెట్టు ముందు కుడతాం, గుండీ ఊడినవాళ్లను కాసేపు కూర్చోమంటాం. ఇదే ఆస్పత్రిలో చేస్తే ఏం పోయిందన్నాను. చేయాలనే ఉంది గానీ నువ్వెవరివి చెప్పడానికి అంటూ జనం మీదపడుతున్నారని నర్సు వాపోయింది. మీదపడితే నా మీద పడనీ అన్నాను. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలతో ఎరుపు, పసుపు, తెలుపు పట్టీలు కుట్టాను. వచ్చినవాళ్లను నర్సు పరీక్షించి చేతికి పట్టీ కడుతుంది. ఎరుపైతే నేరుగా లోపలికి, పసుపైతే తరవాత. తెలుపువాళ్లకు కట్టు మార్చడం, వాడుతున్న మాత్రలే మళ్లీ ఇవ్వడం నర్సే చూసుకుంటుంది.

మొదటి రోజు రణరంగమే. కిరాణా కొట్టాయన చీకటితో వచ్చి నిలబడ్డానని, తెల్ల పట్టీ తెంపి విసిరికొట్టాడు. ఆయన వెనకే నోట నురగలతో ఒక చంటిపిల్లను తెచ్చారు. ఎవరూ చెప్పకుండానే ఆయన పక్కకు తప్పుకున్నాడు. పిల్ల బతికింది. ఆ తరవాత పట్టీల మాట ఎత్తినవాడు లేడు. ఇక మన వీధి ఆడవాళ్లం వంతులు వేసుకుని డాక్టరమ్మ ఇంటి గేటు ముందు కూర్చుంటున్నాం. ప్రాణం మీదికి వచ్చిందంటేనే తలుపు కొడతాం. మోకాలు చూపించిన పాపానికి సెలవు రోజుల్లో మీ నాన్న కూడా ఆ డ్యూటీలోనే ఉన్నారు. ఇప్పుడు మధ్యాహ్నానికి వరండా ఖాళీ అవుతోంది. డాక్టరమ్మ కూర్చుని, కంచంలోకి చూసుకుంటూ తింటోంది. జిప్పు వేసి ఉంచాను. ఆవిడ అడగలేదు, నేనివ్వలేదు.

కాన్పుకి నీ దగ్గరికి రానా అమ్మా అని నువ్వు అడిగినప్పుడల్లా ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం, వాసన పడదు అని రాస్తూ వచ్చాను. సున్నమూ లేదు, పాడూ లేదు. ఆస్పత్రికి తాళం ఉన్న రోజుల్లో మన వీధి చివరి టీచరమ్మకు నొప్పులొస్తే మీ నాన్నే బస్సులో పక్క ఊరికి తీసుకెళ్లారు. బిడ్డ దారిలోనే పుట్టింది. దక్కలేదు. ఆ రోజునుంచి నిన్ను రమ్మనడానికి నాకు చెయ్యి రాలేదు. రావద్దనడానికి మనసు రాలేదు.

నిన్న డాక్టరమ్మ షాపుకొచ్చి నా పక్కన కూర్చుని, మీకెందుకమ్మా ఇంత పట్టుదల అని అడిగింది. ఇదంతా చెప్పాను, నీ గురించి కూడా.

"అమ్మాయిని రమ్మనండి," అంది. "బదిలీ వద్దని మొన్ననే చెప్పేశాను. కాన్పు నేను చేస్తాను."

షాపులో జనం ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చేశాను తల్లీ. గెలిచామే. ఇంత పెద్ద ఊరు కలిసి ఒక మనిషిని కూర్చుని అన్నం తిననిచ్చింది, అంతే చేశాం, గెలిచాం. మీ నాన్నకు చెబితే వెంటనే వెళ్లి, నిన్ను తీసుకురావడానికి సెలవు పెట్టి వచ్చారు. అల్లుడుగారికి చెప్పి బయలుదేరు. భయం లేదు, రా.

ఇట్లు,
అమ్మమ్మ కాబోతున్న
మీ అమ్మ