డీన్ సార్ ఖాతాకూ అదే తాళం

మంగళవారం, రాత్రి

ఈరోజు డీన్ సార్‌కు కుదరదని చెప్పేశాను.

యూనివర్సిటీ కంప్యూటర్ల బాధ్యత నాదే కాబట్టి క్లౌడ్‌లో అందరికీ విడివిడిగా ఖాతాలు తెరిచాను. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ కూడా కొడితేనే తెరుచుకుంటాయి. సార్‌కు అది చిరాకు. గదికి పిలిపించారు.

"ఏందమ్మా గీ తక్లీఫ్? నా ఒక్కనికి ఆ కోడ్ తీసెయ్ జరా."

"తియ్యను సార్. మీ ఖాతాల అందరి పరిశోధనలున్నయి. పోయినేడు శరణమ్మకు అయినట్లే అయితది."

పరిశోధన చేసే గబ్బూరు శరణమ్మ పొలాల మట్టి మీద ఏళ్లుగా పోగుచేసుకున్న వివరాలన్నీ పోయినేడు మాయమయ్యాయి. అప్పట్లో డిపార్ట్‌మెంటు మొత్తానికి ఒకటే పాస్‌వర్డ్. ఎవరు చెరిపేశారో ఇప్పటికీ తెలియదు. ఆ పిల్ల నా టేబుల్ ముందు అలా నిలబడిపోయింది, ఏడవనైనా లేదు.

"నీ కాంట్రాక్టు మీద నేనే దస్కతు పెట్టాలె, యాదుందా?"

"యాదుంది సార్. అయినా తియ్యను."

నా సీటుకొచ్చి ఇంకో పని చేశాను. ఇకపై ఎవరికైనా ఆ కోడ్ తీసెయ్యాలంటే నేనూ లైబ్రరీ గీతా మేడమూ ఇద్దరం ఒప్పుకోవాలి. అడిగితే మేడమ్ కన్నడంలో "మాడమ్మా, నాను ఇద్దీని" అని, చెయ్యమ్మా నేనున్నానని ధైర్యం చెప్పారు.

అన్నం పెడుతూ అమ్మ అడిగింది, "నౌకరి పోతె ఏం జేస్తవే?"

నిజంగా ఏం చేస్తానో...

పోతే పోనీ. రేపు నా కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టి బెదిరించినా, ఆ తాళం ఒక్కరి చేత్తో ఊడిరాదు.