తలుపుకు అడ్డకర్ర

ఖమ్మం,
ఆగస్టు 3, 2004

జంపయ్య అన్నకు, చెల్లి దుర్గ దండాలు.

క్షేమమని రాద్దామంటే మనసొప్పడం లేదు అన్నా! దవాఖానాలో నర్సుగా చేరి వారమైంది, అక్కడంతా బాగానే ఉంది. నేను కిరాయికి దిగిన గల్లీతోనే భయం. మన చర్ల అడవిలో లాగే పొద్దున తలుపు దగ్గరికి వేసి, బయట వెదురుకర్ర అడ్డం పెట్టి డ్యూటీకి పోతున్నాను. మొన్న సాయంత్రం వచ్చేసరికి నా గుమ్మం ముందు స్టూలు వేసుకుని ఒక గడ్డం ముసలాయన! పేరు బషీర్, ఎదురింట్లో గడియారాలు బాగుచేస్తాడు, నేను దిగినరోజు పలకరించాడు. "అచ్చినవా బిడ్డా?" అని స్టూలు ఎత్తుకుని పోయాడు. ఎందుకు కూర్చున్నాడో చెప్పలేదు. నిన్న ఆయన కోడలు జహీరా కూర్చుంది. ఇవ్వాళ ఇద్దరూ!

ఇట్లు,
నిద్రపట్టని దుర్గ

తా.క.: రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి వండి తెస్తున్నారు. మందు కలిపారేమోనని ముందు గల్లీ పిల్లికి పెట్టాను. అది నిక్షేపంగా ఉంది, ఇప్పుడు నా గది వదిలి పోవడం లేదు.

---

చర్ల మండలం,
ఆగస్టు 9

చెల్లె దుర్గకు, అన్న దీవెనలు.

నీ ఉత్తరం మీ వదిన ముత్తక్క చదువుతుంటే నా చేతిలో అంబలి ముంత జారిపడింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు నీ గుమ్మంలో కూర్చోవడమేంటి? వాళ్ళు నీ రాకపోకలు కనిపెడుతున్నారు. ఎవరెవరు వస్తున్నారో చూసి వెంటనే రాయి.

ఇట్లు,
జంపయ్య

తా.క.: ఇది నేను, వదినను. ఆయన చెప్తుంటే నేను రాస్తున్నాను. తిట్లు రాయలేదు, కార్డులో చోటు లేదు.

---

ఖమ్మం,
ఆగస్టు 16

అన్నకు దండాలు.

కొంప మునిగింది! బషీర్ కొట్లో గోడకు ఒక కాగితం అంటించి ఉంది. బుధవారం జహీరా, గురువారం ఖాలిద్ (దర్జీ), ఇట్లా వారమంతా పేర్లు. పక్కనే నేను పోయే టైమ్, వచ్చే టైమ్! అయినా ఉద్యోగం మాననన్నా. ఆరు నెలలు నిలబడితే మన చర్ల దవాఖానాకే వేస్తామన్నారు. ఇప్పుడు వదిలితే మళ్ళీ రాదు.

ఇట్లు,
దుర్గ

తా.క.: ఆ కాగితమేంటని జహీరాను అడిగాను. సిగ్గుపడి నా చేతిలో సేమియా గిన్నె పెట్టి పారిపోయింది. వచ్చే సోమవారం నుంచి మధిరలో కంటి శిబిరం, ఆరు రోజులు అక్కడే ఉంటాను.

---

చర్ల మండలం,
ఆగస్టు 20

చెల్లెకు,

ఉద్యోగం లేదు గిద్యోగం లేదు! నువ్వు మధిరలో ఉన్నప్పుడే వచ్చి, గప్‌చుప్‌గా నీ సామాను మూటకట్టుకుని వస్తాను. నువ్వు రాజీనామా కాగితం రాసి పెట్టుకో.

ఇట్లు,
జంపయ్య

తా.క.: గొడ్డలి పట్టుకుపోతానన్నాడు. లాక్కుని గొడుగు ఇచ్చాను. – వదిన

---

ఖమ్మం,
ఆగస్టు 26

మధిర కంటి శిబిరంలో ఉన్న చెల్లెకు, అన్న రాయించునది.

నిన్న మధ్యాహ్నం నీ గది చేరాను. కర్ర తీసి, నీ చీరలు మూటకట్టి, బయట కాలు పెట్టానో లేదో "దొంగ! దొంగ!" అని జహీరా కేక! గల్లీకి గల్లీ వచ్చి మీద పడింది. ఖాలిద్ నీ చీరతోనే నన్ను కరెంటు స్తంభానికి కట్టాడు. "నేను ఆమె అన్ననయ్యా!" అంటే, "దొరికినోళ్లంత గిట్లనే అంటరు" అన్నాడు. చివరికి నా జేబులో నీ ఉత్తరం దొరికితే జహీరా అందరి ముందూ పైకి చదివింది. పిల్లి సంగతితో సహా! నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కట్లు విప్పి బషీర్ చాయ్ తాగించాడు. "మొదటిరోజే తాళం ఏది బిడ్డా అని అడిగిన. 'మా ఊళ్లె తాళమేస్తే పక్కింటోళ్లను దొంగలన్నట్టు' అన్నది. గంత మాట అన్నంక మల్ల తాళమెయ్యమని ఏ మొహం పెట్టుకొని చెప్పాలె? దొంగలేమో తిరగవట్టిరి. అందుకే వంతులేసుకున్నం" అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను చెల్లే. రాజీనామా కాగితం చింపెయ్. ఆరు నెలలూ ఇక్కడే ఉండు.

నేను పొద్దున బస్సుకే ఊరికి పోవాల్సింది. ఇవ్వాళ ఖాలిద్ వాళ్ళింట్లో పెళ్ళట, అతని వంతు నాకు వేశారు. నీ గుమ్మంలో కూర్చుని చెప్తుంటే జహీరా రాస్తోంది.

ఇట్లు,
డ్యూటీలో ఉన్న అన్న
జంపయ్య

తా.క.: సంగతి తెలిసింది కదా అని మధిరలో తాళం కొనేవు. కొనకు. బషీర్ మొహం చూడలేం.