జలపాతం దగ్గర దొరికిన నాన్న

అమ్మా, ముందే చెబుతున్నాను, నాన్న క్షేమం. వేరే ఎవరైనా ఏమైనా అంటే కంగారుపడకు.

ఇక్కడ అల్స్‌వాటర్ సరస్సు దగ్గర శుక్రవారం నుంచి ఎడతెరిపి లేని వాన. నిన్న పిల్లలతో సరస్సు గట్టున నడుస్తుంటే వెనకాలే వస్తున్న నాన్న కనబడకుండా పోయాడు. నీ అల్లుడు ఒకవైపు, నేనొకవైపు వెతికాం. ఎంత పిలిచినా గొంతు వానలో కలిసిపోయింది. చివరికి జలపాతం కింద రాతివంతెన మీద తడిసిముద్దయి నిలబడి ఉన్నాడు.

"చంపేశావు కదా నాన్నా!" అని ఏడ్చేశాను.

"ఊరుకోవే. మీ అమ్మ నా టోపీ లాక్కుని నీళ్ళలోకి విసిరేసి, 'పెళ్ళి మాట ఎత్తుతావా, నిన్నూ తోసెయ్యనా?' అన్నది ఇక్కడే. దారి మరిచిపోయాననుకున్నా, కాళ్ళు వాటంతటవే తీసుకొచ్చాయి," అన్నాడు.

అమ్మా, ఇన్నేళ్ళూ ఈ సంగతి మాకు చెప్పలేదేం?

నీ కాలి కట్టు విప్పారా? కోళ్ళకి పక్కింటి డోరిస్ గింజలు వేస్తోందా? బుధవారం సాయంత్రానికి వస్తాం, పొయ్యి రాజేసి ఉంచమను. నాన్నకి జలుబు తప్ప ఏమీ లేదు. పిల్లలు ముద్దులు పంపుతున్నారు. కాగితంలో ఈ మూల తనకే కావాలని నాన్న కలం లాక్కుంటున్నాడు.

నీ జోన్

ఎడ్నా, నీళ్ళ హోరు అప్పటిలాగే ఉంది. పక్కన నువ్వు లేవు, అంతే. కాలు త్వరగా బాగుచేసుకో. – వాల్టర్