గేటుదాక పోయొచ్చే చుక్క

శక్కర్‌నగర్, బోధన్.

చెల్లె సుకన్యకు అన్న ఆత్మారాం దీవెనలతో రాయునది. అందరం మంచిగున్నమని మొదటి గీతలనే రాయాలని మన బాపు నేర్పిండు, అందుకని రాసిన. అందుల నిజమెంతో కిందిదాక చదివినంక నువ్వే చెప్పు. రెంజల్ భూమేష్ సెలవు ఒడిసి మళ్ల మస్కట్ వస్తున్నడు, ఆయన చేత ఈ కాయితం పంపుతున్న. ఫోన్‌ల చెప్పొచ్చు గదా అంటవు. ఫోన్‌ల నా గొంతు నా మాట వినదు.

మీ వదిన శ్యామలమ్మకు షుగర్ పెరిగింది. ఫ్యాక్టరీ మూతపడి ఇన్నేండ్లాయె, ఊర్ల శక్కర తయారైతలేదు గని మనుషుల ఒంట్ల మాత్రం షిఫ్టులు నడుస్తనే ఉన్నయి. నా వైండింగ్ దుకాణానికి కాలిన బోరు మోటర్లు వస్తనే ఉన్నయి, ఆ రంది లేదు.

నువ్వు వంట చేసే ఇంటి మేడం అత్తకు గూడ మతి తప్పి ఇల్లు దాటిపోతున్నదట, మన అవ్వకు చేసినట్టే ఆమెకు చేయాలె, ఎట్లనో రాయమన్నవు. రాస్తున్న. నువ్వు పంపిన బిళ్ల మంచిదే, మనిషి ఎక్కడున్నదో నీ ఫోన్‌ల చుక్కలెక్క చూపిస్తది. గని దానికి చార్జింగ్ పెట్టాలె. అది అవ్వ నడుముకున్న వక్కల తిత్తిల ఉంటది, ఆ తిత్తి ముట్టనిస్తదా? వైరు కనబడితే చాలు, కొడుకు నాకు కరెంటు పెడ్తున్నడని వాడకట్టంత వినేటట్టు మొత్తుకునే. అందుకే తిత్తిలనే బొటనవేలంత ప్లాస్టిక్ గొట్టం పెట్టిన. లోపట జారే అయస్కాంతం, పైన సన్నటి రాగితీగ చుట్లు. మనిషి నడిస్తే అయస్కాంతం అటిటు జారుతది, తీగల కరెంటు పుడ్తది, బిళ్లకు పోతది. ఇదేం బ్రహ్మవిద్య గాదు, సైకిల్ డైనమోకు చిన్న చెల్లె.

డైనమో అంటె యాదికొచ్చింది. బాపు మనిద్దరిని సైకిల్ మీద కూసోబెట్టుకొని వస్తుంటే, ఎత్తు ఎక్కేకాడ లైటు మసకబారేది. పాట పాడుండ్రి, వెలుగు పెరుగుతది అనేటోడు. మనం గొంతులు చింపుకునేటోళ్లం, ఆయన జోరుగ తొక్కేటోడు. పాటతోటి కరెంటు పుడ్తదని నేను మీసాలొచ్చిందాక నమ్మిన. సరే, ఎటో పోయిన. మేడంకు ఒక్కటి చెప్పు: నడిచే మనిషికైతేనే ఇది పనికొస్తది. కూసున్న మనిషికి అయస్కాంతం ఏం చేస్తది.

ఇగ నీ అసలు ప్రశ్నలు. అవ్వ నడక మెల్లగైందేంది, చుక్క గేటుకాడ అంతసేపు ఆగుతదేంది, చాయ్ హోటల్ దిక్కు ఎందుకు మళ్లుతది, అవ్వ చాయ్ ముట్టదు గదా అని అడిగినవు. పొద్దుగాల సద్దిగిన్నె పట్టుకొని బాపు షిఫ్టుకు ఇద్దామని అవ్వ ఫ్యాక్టరీకి పోవుడు నీకు ఎర్కే. తాళమేసిన గేటుకాడ వాచ్‌మన్ నర్సన్న గిన్నె అందుకొని, లోపట ఇస్తనవ్వా అని, ఆమెను ఇంటిదిక్కు మళ్లేసేటోడు. బాపు సచ్చిపోయిండని ఆమెకు చెప్పుడు మనమంత ఎన్నడో ఇడ్సిపెట్టినం.

చాయ్ తాగేది నేను, సుకన్యా. మోకాళ్లు గుంజి మెల్లగ నడిచేది నేను.

దసరా పోయినంక ఒకనాడు అవ్వ గిన్నె ఒడిల పెట్టుకొని గడప మీద కూసున్నది. గేటుకు పోవా అవ్వా అన్న. నా మొఖం సక్కగ చూసి, ఎన్నడు లేనంత తెలివిగ అన్నది:

"మీ బాపు లేడు గద కొడుకా. నాకెవ్వరు చెప్పలేదేంది?"

ఆనాటి సంది ఆమె నడవలేదు. ఇప్పుడు మంచం దిగుతలేదు. నిజామాబాద్ డాక్టర్ చూసి, లేపి తిప్పకుండ్రి, ఏం కావాల్నో అది తినిపియ్యుండ్రి అన్నడు. ఆమెకు ఏం వద్దు.

నడక ఆగితే చుక్క ఆరింది. నువ్వు ఏడ్చుకుంట ఫోన్ చేసినవు. బిళ్లల చార్జింగ్ నిండిందాకనే అనుకొని తిత్తి నా నడుముకు కట్టుకొని గేటుదాక పోయొచ్చిన. చుక్క లేచింది. అవ్వ నడుస్తున్నది, ఇగ నాకు బువ్వ పోతది అన్నవు. తెల్లారి మళ్ల పోయిన. నర్సన్న నన్ను దూరంకెల్లి చూసి, "సద్ది తెచ్చినవా అవ్వా?" అని పరాష్కాలాడేటోడు. నేను గూడ నవ్వేటోణ్ణి.

మొన్న మేడం సెలవిస్తనన్నా, అవ్వ గట్టిగనే తిరుగుతున్నది, ఎండకాలం పోయినంక పోతనన్నవట. ఆ సెలవు ఇంకో వంటామెకు పోయిందట. ఆ మాట విన్నంక నాకు నవ్వు రాలేదు. అవ్వ ఎండకాలం చూడదు. నా అబద్ధం నీ సెలవు తిన్నది. ఇప్పుడు నిజం చెప్పి గూడ ఏం లాభం లేదు. అయినా చెప్తున్న.

నిన్న తిత్తి విప్పి అవ్వ రొమ్ము మీద పెట్టి, దాని మీద ఆమె చెయ్యి పెట్టిన. ఊపిరి ఆడుడుకైన అయస్కాంతం కదులుతదేమోనని చెవి ఆనించి విన్న. కదలలేదు. చేసినోణ్ణి, కదలదని నాకు ఎర్కలేదా? కొద్దిసేపు పాట గూడ పాడిన.

ఈ కాయితం నీకు చేరేవరకు చుక్క ఆరిపోతది. మిషన్ ఖరాబైందనుకోకు. మిషన్ మంచిగున్నది.

ఇట్లు,
గేటుదాక నడిచొచ్చిన
నీ అన్న ఆత్మారాం