వేడికి ముడుచుకునే రబ్బరు

అమ్మా,

నేను కులాసాగానే ఉన్నాను. చెయ్యి కాలిన మాట నిజమే గానీ బొబ్బ కూడా రాలేదు. తమ్ముడు గోరంతని కొండంత చేసి చెప్పుంటాడు.

ఈ కార్డు నాన్నకి చదివి వినిపించు. ఫోన్లో చెబితే సగంలోనే కొట్టిపారేస్తారు. ముప్పై ఏళ్లు రైలు పట్టాలు బిగించి, వేడికి సాగని వస్తువు లేదనే మనిషి కదా!

మొన్న మా రబ్బరు ఫ్యాక్టరీలో, బరువు వేలాడదీసిన రబ్బరు పట్టీకి వేడిగాలి కొట్టాను. సాగి కిందికి జారుతుందని చెయ్యి అడ్డం పెట్టాను. పైకి లేచిందమ్మా! చెయ్యి కాలుతున్నా తియ్యడం మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను.

రబ్బరంటే కంటికి కనపడని పొడుగాటి గొలుసులట. ఒక్కో లింకూ ఎటైనా తిరుగుతుందట. నిటారుగా ఉండడానికి వాటికి ఒకటే దారి, ముడుచుకోవడానికి కోట్ల దారులు. వేడి తగిలితే కుదురుండక ముడుచుకుపోతూ, బరువుని కూడా లాక్కుపోతాయి. నీ జడకి పెట్టే బ్యాండులోనూ అవే. ఇప్పుడు ఏ రబ్బరు పట్టుకున్నా ప్రాణమున్నదాన్ని పట్టుకున్నట్టే ఉంది.

నాన్న ఎలాగూ నమ్మరు. వంటింటి కొళాయికి బ్యాండు కట్టి, పెద్ద తాళంకప్ప వేలాడదీసి, బ్యాండు మీద వేడినీళ్లు పోసి చూసుకోమను. అన్నట్టు, ఆ కొళాయి కారడం ఆగిందా?

ఇక్కణ్నుంచి నాన్నకి చదవకు. నువ్వు మాత్రం ఏదీ ఆయన మంచం దగ్గరికి తేకు. మోకాలి ఆపరేషనై నెల దాటినా, డాక్టరు నడవమంటే వినడం లేదుగా. నా మాట తప్పని తేల్చడానికైనా లేస్తారు.

తాళంకప్ప ఎంత పైకి లేచిందో ఆయన్ని రాయమను. ఆయన ఎన్ని అడుగులు వేశారో నువ్వు రాయి.

నీ పెద్దది